కరపత్రంలో నేను కొట్టేసిన వాక్యం

మొన్న మా పాత సహోద్యోగి కూతురు ఫోన్ చేసింది. ప్రకటనలు తయారుచేసే ఒక కంపెనీలో కొత్తగా చేరిందట. బయటివాళ్ల చేత రాయించుకునే పని ఆమెకి అప్పజెప్పారు. "అంకుల్, రాసేవాళ్లకి మాటకింతని ఇవ్వాలా, గంటకింతనా? మీ రోజుల్లో ఎట్లా ఇచ్చేవాళ్లు?" అని అడిగింది. ఫోన్లో చెప్పబోయి ఆగాను. నేను ఇచ్చిన డబ్బుల సంగతి చెప్పాలంటే మస్తాన్‌వలి సంగతి చెప్పాలి. మస్తాన్‌వలి సంగతి చెప్పాలంటే నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. అందుకే రాయడానికి కూర్చున్నాను.

ఎవరూ చదవని కాగితాలు

ఎనభైల మొదట్లో ఒక పురుగుమందుల కంపెనీ నరసరావుపేట డిపోలో పబ్లిసిటీ ఆఫీసరుగా చేరాను. ఆఫీసరంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక టేబులు, ఒక పాత జీపు, జీపు నెత్తిన రెండు మైకులు. గోడల మీద రాయించడం, సినిమా హాళ్లలో స్లైడ్లు వేయించడం, ఊరూరా తిరిగి కరపత్రాలు పంచడం నా పని.

కరపత్రంలో ఉండాల్సిన విషయం బొంబాయి నుంచి ఇంగ్లీషులో వచ్చేది. మద్రాసులో ఎవరో దాన్ని తెలుగు చేసేవారు. "మీ పంటకు సోకు సమస్త కీటకములను సమూలముగ నిర్మూలించు అత్యంత శక్తివంతమైన ద్రావకము" అని ఉండేది. మాచర్ల బస్టాండులో ఒక కట్ట పంచి, గంట తర్వాత అదే దారిన తిరిగొస్తుంటే ఒక రైతు మా కాగితంలో బజ్జీలు పెట్టుకుని తింటున్నాడు. తినడం అయ్యాక దానితోనే చేతులు తుడుచుకుని విసిరేశాడు. ఒక్క అక్షరం చూసిన పాపాన పోలేదు. నేను మాత్రం ఆ వారం రిపోర్టులో "రైతుల నుంచి మంచి స్పందన" అని రాశాను.

బట్టల కొట్టు కరపత్రం

ఒకరోజు నరసరావుపేట స్టేషన్ రోడ్డులో టీ తాగుతుంటే పక్క బల్ల మీద నలుగురు ఒకే కాగితం మీదకి వంగి చదువుతూ నవ్వుకుంటున్నారు. అడిగి తీసుకుని చూశాను. ఒక బట్టల కొట్టు కరపత్రం.

"పెళ్లి బట్టలు కొనేవాళ్లు ఆదివారం రావద్దు. ఆరోజు మాకు ఊపిరాడదు, మీకు బేరమాడే వీలుండదు. మంగళవారం రండి. కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, మీరు చాలనేదాకా చూపిస్తాం."

ఇంతే. కొట్టు పేరు, వీధి పేరు కింద చిన్నగా ఉన్నాయి. నేరుగా ఆ కొట్టుకి వెళ్లాను. ఇది ఎవరు రాశారని అడిగితే యజమాని కాస్త సిగ్గుపడ్డాడు. "మేం రాయలా సార్. ప్రెస్సులో మస్తాన్‌వలి రాశాడు. ఆదివారం జనాన్ని తట్టుకోలేకపోతున్నానయ్యా అని నేను గోల పెడుతుంటే విని, దాన్నే రాసేశాడు."

ప్రెస్సు ఒక పొడుగాటి రేకుల షెడ్డు. వెనక కిటికీ దగ్గర నలభై ఐదేళ్ల మనిషి, మందపాటి కళ్లద్దాలు, గళ్ల లుంగీ మీద తెల్ల చొక్కా. ఇరవై ఏళ్లు కంపోజిటరు. సీసం అక్షరాలు ఒక్కోటి ఏరి వరసలో పేర్చే పని. చూపు మందగించాక ఆ పని మానేశాడు. ఏదన్నా అచ్చేయించుకుందామని వచ్చి, ఏం రాయాలో తెలియక నిలబడేవాళ్లకి రాసిపెట్టడం మొదలుపెట్టాడు. యజమాని జీతం ఇవ్వడు. కిటికీ పక్కన కూర్చోనిస్తాడు, అంతే.

నేను పురుగుమందుల కంపెనీ నుంచి వచ్చానని చెప్పి, పేజీకి ఎంత తీసుకుంటారని అడిగాను.

"పేజీకా?" అన్నాడు. "ఎక్కువ రాస్తే ఎక్కువ ఇస్తారా? అట్టయితే నాకు నష్టం సార్. నేను తగ్గించేవాణ్ణి."

"మరి ఎట్లా ఇమ్మంటారు?"

"ముందు నన్ను చేలోకి పంపించండి. మూడు రోజులు తిరుగుతా. బస్సు చార్జీలు, మూడు రోజుల కూలి ముందియ్యండి. రాసింది మీకు నచ్చితే రాతకి వేరే ఇస్తారు. నచ్చకపోతే రాత డబ్బులు నాకొద్దు. తిరిగిన డబ్బులు మాత్రం వెనక్కియ్యను."

"తిరగటం ఎందుకు? మందు గురించి కాగితాలన్నీ నేనిస్తాగా?"

"మీ మందు గురించి మీకు తెలుసు సార్. కొట్టేవాళ్ల గురించి మీకు తెలుసా?"

మా మేనేజరుని అడిగి చెబుతానన్నాను.

తిరిగినందుకు కూలి

మా ఏరియా మేనేజరు సుందరం గారు మద్రాసు మనిషి. కోపం ఎక్కువ, న్యాయం కూడా ఎక్కువ. "ఊళ్లు తిరగడానికి డబ్బులా? రావ్, నువ్వు రైటర్‌ని పెట్టావా, యాత్రలకి పంపుతున్నావా?" అని అరిచి, చివరికి సంతకం పెట్టారు.

మస్తాన్‌వలి గురజాల వైపు పత్తి చేలల్లో మూడు రోజులు తిరిగాడు. రెండోరోజు చూద్దామని నేనూ వెళ్లాను. మందు కొట్టేవాళ్ల వెనకే నడుస్తున్నాడు. ఏమీ రాసుకోవడం లేదు. వాళ్లు గట్టు మీద కూర్చుంటే తనూ కూర్చుంటున్నాడు. మధ్యలో ఎప్పుడో ఒక్క మాట అడుగుతున్నాడు: "ఇప్పుడు స్ప్రే పంపులో మందెంత పోశావు తమ్ముడూ? ఎట్టా తెలిసింది ఇంతని?" ఆ కుర్రరైతు నవ్వి, "తెలిసేదేముంది భాయ్, చెయ్యి చెబుద్ది" అన్నాడు.

సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు మస్తాన్‌వలి నాతో అన్నాడు: "మీ డబ్బా మీద ఇన్ని మిల్లీలీటర్లని రాశారు సార్. ఈ ఊళ్లో ఎవరి దగ్గరా మిల్లీలీటర్లు లేవు. మూత ఉంది. అది కూడా మొదటి రోజే మట్టిలో పోయింది."

వారం తర్వాత అతను తెచ్చిన కాగితం ఇది. నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

"మందు మూతతో కొలవండి, చెయ్యి చెప్పింది వినొద్దు.
మూత పోతే డీలరుని ఇంకొకటి అడగండి, ఊరికే ఇస్తాడు.
గాలి మీ వీపుకి తగిలేటట్టు నిలబడండి, మొహానికి తగిలితే ఆపేయండి.
పురుగు కనపడకపోతే మందు కొట్టొద్దు, డబ్బులు మిగుల్చుకోండి.
ఖాళీ డబ్బా ఎంత తోమినా మంచిది కాదు, బొక్కలు పొడిచి పాతిపెట్టండి."

సుందరం గారు నాలుగో వాక్యం దగ్గర ఆగిపోయారు. "మనం మందు అమ్మే కంపెనీయా, మాన్పించే కంపెనీయా?"

మస్తాన్‌వలి నిదానంగా చెప్పాడు: "ఈ ఒక్క మాట ఉంటే మిగతావి నమ్ముతారు సార్. ఇది తీసేస్తే మళ్లీ బజ్జీలు పెట్టుకునే కాగితమే."

సుందరం గారు డిపో వాచ్‌మన్ ఎల్లమందని పిలిచి, కాగితం నా చేత రెండుసార్లు పైకి చదివించారు. "ఇప్పుడు చెప్పు, ఏం అర్థమైంది?" అని అడిగారు. ఎల్లమంద ఐదు వాక్యాలూ తన మాటల్లో వరసగా అప్పజెప్పి, "మూత నిజంగా ఊరికే ఇస్తారాండీ?" అన్నాడు.

అప్పటిదాకా మా కంపెనీ విడిగా మూతలు ఇచ్చింది లేదు. సుందరం గారు ఫోను తీసి ఫ్యాక్టరీకి మూతలు పంపమని చెప్పారు. ఫోను పెట్టేసి నా వైపు తిరిగారు. "ఆయనకి డబ్బులు ఇవాళే ఇచ్చెయ్. రేపనకు. ఆయనకి ఒకటో తారీఖు ఉండదు."

ఆ మాట నేను మళ్లీ మర్చిపోలేదు. జీతగాళ్లం మనకి నెల తిరిగేసరికి జీతం వస్తుంది కాబట్టి బయటివాడిని వచ్చేవారం రమ్మనడం మనకి చిన్న సంగతిలాగే ఉంటుంది. వాడికి ఆ వారం ఏ పనీ లేకపోవచ్చు. రాతకి బేరమాడాలంటే పని మొదలయ్యేముందు ఆడండి. ఇచ్చేటప్పుడు ఆడకండి. తిరిగినందుకు, విన్నందుకు కూడా డబ్బులివ్వండి. మస్తాన్‌వలి రాసింది ఐదు వాక్యాలే. ఆ మూడు రోజులు లేకపోతే అవీ లేవు.

ఆ కరపత్రం గోడలకెక్కింది. రైతులు వాటిని తీసుకెళ్లి చావిళ్లలో అంటించుకున్నారు. మేం పంచిన కాగితాన్ని మైదాపిండితో గోడకి అంటించుకోవడం నేను మొదటిసారి చూశాను.

ఎనిమిది పాయింట్ల అబద్ధం

మరుసటేడు కరపత్రం మళ్లీ, మా కంపెనీ వాడే వేరే ప్రెస్సులో, అచ్చేయాల్సి వచ్చింది. ఈసారి డీలర్లు తమ పేర్లు కూడా వెయ్యమని పట్టుబట్టారు. పదకొండుమంది డీలర్లు. కాగితం అదే సైజు. పేర్లకి చోటు చాలలేదు.

నేను ఆఖరి వాక్యం కొట్టేశాను.

ఎవరూ కొట్టెయ్యమనలేదు. సుందరం గారికి చెప్పలేదు, మస్తాన్‌వలిని అడగలేదు. డబ్బా సంగతి పంటకి సంబంధించింది కాదుగా, అందరికీ తెలిసిందేగా అనుకున్నాను. పెన్నుతో ఒక్క గీత గీశాను. క్షణం పట్టలేదు.

మిరప కోతల రోజుల్లో క్రోసూరు వైపు నుంచి మా డీలరు ఒకాయన డిపోకి వచ్చాడు. కోటమ్మ అనే కూలిమనిషి చేలో పడిపోయిందనీ, నరసరావుపేట ఆస్పత్రిలో ఉందనీ చెప్పాడు. మంచినీళ్లు తాగి పడిపోయిందట. ఆ నీళ్లు తెచ్చుకున్నది మా మందు డబ్బాలో.

ఆస్పత్రికి పరిగెత్తాను. ఆమె తెలివిలో లేదు. భర్త మంచం పక్కన నేల మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నేనెవరో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. బయట వరండాలో ఆ చేను గల రైతు వెంకటేశ్వర్లు ఉన్నాడు. అతను నన్ను గుర్తుపట్టాడు.

"మీ కాగితం మా చావిట్లో అంటించే ఉంది సార్" అన్నాడు. "చదివే కొట్టాం. మూతతోనే కొలిచాం. గాలి చూసుకున్నాం. డబ్బా ఖాళీ అయితే మంచి డబ్బా గదా, వాడుకోమని నేనే కోటమ్మకిచ్చా. డబ్బా సంగతి అందులో లేదుగా సార్?"

అతను నన్ను నిలదీయడం లేదు. నిజంగానే అడుగుతున్నాడు. నేను లేదన్నాను.

నాలుగోరోజుకి కోటమ్మ కళ్లు తెరిచింది. బతికింది. ఆ నాలుగు రోజులు నేను తిన్న అన్నం ఏమిటో నాకు తెలియదు.

మర్నాడు మస్తాన్‌వలి ఆఫీసుకి వచ్చాడు. చేతిలో కొత్త కరపత్రం ఉంది. దాన్ని నా టేబులు మీద పరిచాడు.

"ఐదో వాక్యం ఏది సార్?"

"ప్రెస్సువాళ్లు చోటు చాలలేదన్నారు భాయ్" అన్నాను. నోటికి వచ్చేసింది.

అతను కళ్లద్దాలు పైకి తోసుకుని, కాగితం కళ్లకి దగ్గరగా పెట్టుకుని డీలర్ల పేర్ల మీద వేలు పెట్టి కిందికి జరిపాడు. "ఇది పన్నెండు పాయింట్ల అచ్చు సార్. అక్షరం సైజు తగ్గించి ఎనిమిది పాయింట్లలో వేస్తే రెండు లైన్లు మిగిలేయి. మనకి కావాల్సింది ఒక్క లైను. ఏ కంపోజిటరూ చోటు చాలలేదనడు. ఏ సైజులో వెయ్యమంటారని అడుగుతాడు."

నేను తలెత్తలేకపోయాను. "నేనే కొట్టేశాను" అన్నాను.

అతను అరుస్తాడనుకున్నాను. అరవలేదు. "ఆ వాక్యానికి కూడా నేను డబ్బులు తీసుకున్నా సార్" అన్నాడు. "డబ్బులు తీసుకున్నాక అది ఉందో లేదో చూసుకోవటం నా పని. రెండోసారి అచ్చేస్తున్నారని తెలిసి కూడా నేను రాలా."

నా తప్పులో సగం అతను ఎత్తుకుంటుంటే నాకు ఏడుపొచ్చింది.

లేచి సుందరం గారి గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. ఆయన చేతిలోని పెన్ను కింద పెట్టి, "ఎవరు తీశారో నాకు ఇంకొకళ్లు చెప్పి ఉంటే నిన్ను పంపించేసేవాణ్ణి" అన్నారు. ఆస్పత్రి ఖర్చు కంపెనీ పెట్టుకునేలా చూశారు. పంచిన కరపత్రాలన్నిటికీ బదులు కొత్తవి వేయించారు. అప్పటి నుంచి డిపోలో ఒక నియమం: రాసినవాడి సంతకం లేకుండా అతని రాతలో కామా కూడా మారకూడదు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో నేను చూసిన నియమాల్లో పనికొచ్చింది అదొక్కటే.

కోటమ్మ మాట

ఆమె ఇంటికి వెళ్లాక ఒకరోజు మస్తాన్‌వలి, నేను కలిసి వెళ్లాం. నవారు మంచం మీద కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్లుంటాయి. కళ్ల కింద నల్లగా పడింది. నా తప్పంతా చెప్పి, ఇకమీదట కరపత్రంలో ఆ మాట తప్పకుండా వేస్తామన్నాను.

"ఏసినా నాకేం తెలిసిద్ది బాబూ?" అంది. "నాకు చదువు రాదుగా. చేలోకి నీళ్లు మోసేవాళ్లం మేం. కాగితాలు చదివేది రైతులు."

నేను మస్తాన్‌వలి వంక చూశాను. అతని మొహం పాలిపోయింది. తను రాసిన వాక్యం ఉన్నా కూడా ఈమె దాకా వచ్చేది కాదని అప్పుడే అతనికి తెలిసినట్టుంది.

"ఏం జరిగిందో ఒకసారి నాకు చెప్తావా కోటమ్మా?" అన్నాడు.

ఆమె చెప్పింది. అతను వింటూ కూర్చున్నాడు. మర్నాడు ఒక రేడియో షాపులో టేపురికార్డరు అడిగి తీసుకుని ఒక్కడే మళ్లీ వెళ్లాడు. ఆ క్యాసెట్టు డిపోలో పెట్టి వినిపించాడు. వెనక కోళ్ల అరుపులు కూడా ఉన్నాయి.

"నేను కోటమ్మని. మిరప కోతలకి పోతా. మందు డబ్బా తీసుకుని బూడిదేసి తోమా. చింతపండేసి తోమా. ఎండలో పెట్టా. వాసన పోయింది. మంచినీళ్లు పోసుకుని చేలోకి పట్టుకపోయా. రెండు గుక్కలు తాగా. కళ్లు మసకలు కమ్మినయ్. ఆ తరవాత నాకు తెలవదు. మంచి డబ్బానే అమ్మా, పారెయ్యబుద్ధి కాదు. పారెయ్యండి."

సుందరం గారు కళ్లజోడు తీసి తుడుచుకుని, మామూలుగా ఇచ్చే డబ్బులకి వోచరు రాయమన్నారు.

"నాకు కాదు సార్" అన్నాడు మస్తాన్‌వలి. "నాకు రెండు రోజులు తిరిగిన కూలి చాలు. రాత డబ్బులు కోటమ్మకియ్యండి. మాటలు ఆమెవి. నేను కొన్ని తీసేశా, అంతే."

"ఆమెకి సాయం కింద ఇద్దాం" అన్నాను నేను.

అతను నా వైపు తిరిగాడు. అతనికి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. "సాయం కాదు సార్. నాకు ఏ పేరుతో ఇస్తారో ఆమెకీ ఆ పేరుతోనే ఇవ్వండి."

సుందరం గారు వోచరు తన ముందుకి లాక్కుని, ఏ పని నిమిత్తం అన్నచోట "రచన" అని తెలుగులో, ఆయనకి వచ్చిన వంకర అక్షరాలతో, తనే రాశారు. ఇంటికి తీసుకెళ్తే కోటమ్మ దాని మీద వేలిముద్ర వేసింది. "నేనేం రాశాననీ ఇదంతా?" అని నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి.

జీపు తిరిగిన ఊళ్లు

మస్తాన్‌వలి ఆ దశాబ్దం అయ్యేదాకా మాకు రాశాడు. ఎంతోమంది పెద్ద చదువుల రచయితలతో ఆ తర్వాత పనిచేశాను. కొందరికి అతనికంటే పదిరెట్లు ఇచ్చాను. ఇచ్చిన ప్రతిసారీ, వీళ్లు చేలోకి వెళ్లి కూర్చోగలరా అని మనసులో అనుకునేవాణ్ణి. పని చేతకానివాడు మాటలు పోగేస్తాడు. మస్తాన్‌వలి ఏరి పారేసేవాడు. ఏది పారేశాడో, ఎందుకో ఒకరోజు నా కళ్లతో చూశాను. అది చెప్పి ఆపుతాను.

క్యాసెట్టు జీపు మైకులో పెట్టి క్రోసూరు చుట్టుపక్కల ఊళ్లు తిరుగుతున్నాం. కోటమ్మ తనూ వస్తానని ముందు సీట్లో కూర్చుంది. వెనక నేను, మస్తాన్‌వలి. ఒక వీధిలో డ్రైవరు జీపు ఆపి, ఊరివాళ్లు తవ్విపెట్టిన గుంట చూపిస్తూ, డబ్బాలు తెచ్చి అందులో వెయ్యమని చెబుతున్నాడు. జనం గుమ్మాల్లోకి వచ్చి వింటున్నారు. ఎవరూ లోపలికి వెళ్లి డబ్బా తేవడం లేదు.

టేపు అయిపోయింది. ఒక ముసలామె కర్ర పోటేసుకుంటూ జీపు దగ్గరికి వచ్చింది.

"ఏంది నాయనా, సగంలో ఆపేశారు? ఇంతకీ ఆ పిల్ల బతికిందా, పోయిందా?"

నేను చెప్పబోయాను. మస్తాన్‌వలి నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

కోటమ్మ జీపు దిగింది. ముసలామె ఎదురుగా నిలబడి, "నేనే అత్తా" అంది.

ఆ రోజు కోటమ్మ తన ఇంట్లో చెప్పింది నాకు గుర్తుంది. ఆస్పత్రిలో లేవడం, మంచం దగ్గర భర్త ఏడవడం, డాక్టరు అన్న మాటలు అన్నీ చెప్పింది. క్యాసెట్టులో అవేవీ లేవు. వాటిని మస్తాన్‌వలి ఎందుకు తీసేశాడో నాకు అప్పుడు తెలిసింది. బతికిందని మైకే చెప్పేస్తే, విన్నవాళ్లు హమ్మయ్య అనుకుని లోపలికి వెళ్లిపోతారు. చెప్పకపోతే అడగడానికి బయటికి వస్తారు.

ముసలామె కోటమ్మ చెంప మీద చెయ్యి వేసి, కళ్ల కింద నలుపుని బొటనవేలితో తడిమి చూసింది. ఇంట్లోకి వెళ్లింది. తిరిగొచ్చేటప్పుడు చంకలో రెండు డబ్బాలు, చేతిలో ఇంకొకటి. చేతిలో ఉన్నదాని నిండా కందిపప్పు ఉంది.

"పప్పు వేరే దాంట్లో పోసుకో అమ్మా" అన్నాను.

ఆమె నా మాట వినిపించుకోలేదు. గుంట ఒడ్డున వంగి, పప్పుతో సహా డబ్బాని లోపల పడేసింది. వీధిలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి.